నా కూడు తిన్న కాకి

నేను చచ్చిపోయిన సంగతి నాకంటే ముందు మా ఊరందరికీ తెలుసు. మనవలు పుట్టాక కూడా, మా వైపు ఏ పెళ్లికి పోయినా ఎవరో ఒక ముసలావిడ నా గడ్డం పట్టుకుని మొహంలోకి చూసి, "నీ కూడు పిట్ట ముట్టింది గదనే, నువ్వు గా పిల్లవేనా?" అని అడుగుతుంది. అవునంటే నమ్మదు. కాదంటే ఒప్పుకోదు. నేను నవ్వి ఊరుకుంటాను.

మా ఊరు గోదావరికి ఇవతలి ఒడ్డు, ధర్మపురికి నడిచిపోయేంత దూరం. ఏరు దాటితే ఆదిలాబాద్ జిల్లా. మాది మగ్గం ఇల్లు. బాపు పొద్దున్నే మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే మళ్లీ అన్నానికే లేచేవాడు. ఆయన మాట్లాడటం తక్కువ. మగ్గం చప్పుడును బట్టే ఆయన కోపంగా ఉన్నాడో మామూలుగా ఉన్నాడో మేం తెలుసుకునేవాళ్లం. ఇంట్లో పెత్తనం నాయనమ్మది. నాయనమ్మ చెడ్డది కాదు. ఆమెకు ఒకటే జబ్బు, అన్న మాట వెనక్కి తీసుకోవడం రాదు.

అదే జబ్బు మా అవ్వకు కూడా ఉండటం నా ఖర్మ. నన్ను కన్నతల్లి, మొండితనంలో మాత్రం అత్తకు తగ్గ కోడలు. అవ్వ తల్లిగారిల్లు ఏటి అవతల నస్పూర్ దిక్కు. మా మేనమామ అక్కడ బొగ్గుబాయిలో పనిచేసేవాడు. ఆయన పెళ్లికని పోయిన అవ్వ, నాలుగు రోజుల్లో వస్తానని చెప్పి నెల దాటినా రాలేదు. ఇక్కడ పండుగకు ఇవ్వాల్సిన చీరలు మగ్గం మీదే ఉన్నాయి. నూలు కండెలు చుట్టేవాళ్లు లేకపోతే మగ్గం ఆగిపోతుందని నన్ను పెళ్లికి కూడా పంపలేదు. నాయనమ్మ ఓపిక చచ్చి, వాకిట్లో నిలబడి ఊరంతా వినేటట్లు కబురు చెప్పి పంపింది. "పోయినామెను పోయినట్లే ఉండుమను. మళ్ల నా కడప తొక్కొద్దు."

అవ్వ ఊరుకుంటుందా. అక్కడినుంచి తిరుగు కబురు వచ్చింది. "తోలుకపోను వస్తే వస్త. లేకుంటే రాను."

మా దిక్కు అలిగి తల్లిగారింటికి పోయిన ఆడది తనంతట తాను తిరిగి వచ్చిందంటే, ఇక జన్మంతా ఆ ఇంట్లో ఆమె మాటకు విలువ ఉండదు. అత్తింటి మనిషి ఒకరు పోయి, నలుగురి ముందు అడిగి, వెంటబెట్టుకుని తోలుకురావాలి. మా తాత లేడు, బాపుకు తమ్ముళ్లు లేరు. పోతే బాపే పోవాలి. తల్లి మాట కాదని పోయే మనిషి కాదు ఆయన. పోనని చెప్పే మనిషీ కాదు. మగ్గంలో కూర్చున్నాడు. అట్లా ఏడాది దాటింది. నేను ఎప్పుడు అవ్వ గురించి అడిగినా పోగు తెగినట్లు కిందికి వంగేవాడు. ఆ ఏడాదిలో మా మగ్గం మీద తెగినన్ని పోగులు ఎవరి మగ్గం మీదా తెగి ఉండవు.

ఆ సంవత్సరం వానలు ఆలస్యంగా వెనక్కి పోయాయి. సీతాఫలాల కాలం. మా ఊరి పక్క గుట్ట నిండా ఆ చెట్లే. చెట్టు మీద పండిన పండును పిట్టలూ ఉడుతలూ మనదాకా రానివ్వవు కాబట్టి, కండ్లు తేలిన, అంటే పక్వానికొచ్చిన, కాయలను తెంపి ఎక్కడైనా ఆకుల్లో కప్పి మాగబెట్టుకోవాలి. ఊళ్లో ప్రతి పిల్లకూ ఒక దాచుడు చోటు ఉండేది. ఒకరి చోటు ఇంకొకరు కనిపెట్టడం, కాయలు ఎత్తుకుపోవడం, తర్వాత జుట్టూ జుట్టూ పట్టుకోవడం, ఇవన్నీ మామూలే. మా ఇంటి వెనక గాజులమ్మే సాయిబు బిడ్డా నేనూ కలిసి ఎవరూ రాని చోటు ఎంచుకున్నాం. గుట్ట మీద ఒక గుహ ఉంది. గుడ్డెలుగు ఉంటుందని పెద్దవాళ్లు బెదిరించేవాళ్లు. ఎలుగు ఉందో లేదో మాకు తెలియదు గానీ దొంగలు మాత్రం రారు.

ఆ రోజు మా కాయలు మాగాయో లేదో చూద్దామని ఇద్దరం లోపలికి దూరాం. దాని తమ్ముడు తోకలాగా మా వెనక వచ్చాడు. బయట వాన మొదలైంది, తగ్గాక పోదాంలే అనుకున్నాం. కాసేపటికి గుట్ట మీదినుంచి మట్టీ గుండ్లూ జారి వచ్చి గుహ మూతి మూసుకుపోయింది. అంతే. అంతవరకు కనపడిన సాయిబు కొడుకు మొహం తర్వాత కనపడలేదు, ఏడుపు మాత్రం వినపడింది.

లోపల మేము ధైర్యంగా ఉన్నామని తర్వాత చాలామంది చాలా రకాలుగా చెప్పారు. ధైర్యం లేదు, ఏమీ లేదు. అరిచి అరిచి గొంతులు పోయాయి. చీకట్లో కాయలను బొటనవేలితో నొక్కి, మెత్తగా ఉన్నవి పిల్లవాడికి ఇచ్చి, మిగిలినవి మేం తిన్నాం. గోడ మీదినుంచి కారే నీళ్లకు నాలుక పెట్టాం. నా నేస్తం తనకొచ్చిన దువా చదివింది, నేను నాకొచ్చిన నర్సింహస్వామి దండకంలో సగం చదివాను. సగమే వచ్చు. బయటినుంచి మొదట్లో గడ్డపారల చప్పుడు వినపడేది. తర్వాత మూతి వైపు ఆగిపోయింది. మెత్తటి కాయలన్నీ అయిపోయి గట్టివే మిగిలాయి. ఆ చప్పుడు ఎందుకు ఆగిందో నాకు అప్పుడు అర్థం కాలేదు. బయటికొచ్చాక తెలిసింది, అందరూ నాకు అన్నం పెట్టడానికి పోయారు.

ఆ సంగతి నాకు చెప్పింది నా నేస్తం తల్లి. ఆమెను నేను ఖాలా అనేదాన్ని, పిన్నీ అన్నట్లు. ఊరంతా తలా ఒక తీరుగా చెప్పిన ఈ కథలో ఆమె చెప్పిందే నేను నమ్ముతాను.

ఊరివాళ్లు తవ్వుతుంటే పైనుంచి ఇంకా మట్టి జారుతూనే ఉందట. లోపలినుంచి అలికిడి లేదు. మూడో రోజు పొద్దున నాయనమ్మ పెద్దమనుషుల ముందు కూర్చుని ఏడ్చింది. "రేపే పెత్రమాస. గీ పొద్దు పిట్టకు పెట్టకపోతే అది పెద్దలల్ల కలవదు. మళ్ల ఏడాది దాక దానికి బుక్కెడు దొర్కదు. ఆకలికి ఓర్వదు నా బిడ్డ." పెత్రమాస అంటే పెద్దలందరికీ పెట్టుకునే అమావాస్య. చనిపోయిన మనిషికి మూడో రోజున ఇష్టమైనవన్నీ వండి, ఏటి ఒడ్డున విస్తరాకులో పెట్టి, కాకి ముట్టేదాకా కాచుకోవడం మా దిక్కు ఆచారం. కాకి ముడితే పోయినవాళ్లు తృప్తిగా తిన్నట్లు. ముట్టకపోతే తీరని కోరిక ఏదో ఉన్నట్లు. శవాన్ని చూడకుండా పిట్టకెట్లా పెడతామని పెద్దమనుషులు గొణిగారు. కానీ నాయనమ్మ ఏడుపు ముందు నిలబడలేకపోయారు. నామీద ప్రేమతోనే ఆమె నన్ను చంపింది. దాన్ని తప్పు పట్టాలో, దండం పెట్టాలో నాకు ఈనాటికీ తెలియదు.

సాయిబును కూడా అడిగారట, నీ పిల్లలకు నమాజ్ చదివించవా అని. "పీనుగను చూడంది నేనేం చదువ. నా పిల్లలు లోపట ఉన్నరు" అని ఆయన గడ్డపార వదల్లేదు. ధర్మపురికి మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన బొగ్గుబాయి పనివాళ్లు కొందరు సంగతి విని అప్పుడే గుట్ట ఎక్కారు. ఊరివాళ్లు ఏటికి దిగిపోతే, వాళ్లూ సాయిబూ మాత్రం గుట్ట మీద మిగిలారు. మూతి దగ్గర కాకుండా పక్కనుంచి తవ్వడం మొదలుపెట్టారు.

ఏటి ఒడ్డున నా ఆకు మీద సర్వపిండి రొట్టె, పచ్చిపులుసు, బెల్లం అన్నం. తుమ్మచెట్టు మీద కాకులు బారుగా కూర్చున్నాయి గానీ ఒక్కటీ దిగలేదు. అట్లాంటప్పుడు పోయినవాళ్ల కోరిక ఏదో ఊహించి, పైకి చెప్పి మాటివ్వాలి. నాయనమ్మ కాకులకు చేతులు జోడించింది. "వెండి పట్టీలు చేయిస్త బిడ్డా, ముట్టు." కాకి రాలేదు. "కండెలు చుట్టుమని ఇంకెన్నడు అనను, ముట్టు." రాలేదు. చచ్చిన పిల్లకు పట్టీలెందుకు, కండెలెక్కడివి అని ఎవరూ అడగలేదట. చుట్టాలు వరసగా ఒకటొకటి చెప్పారు. బతికి ఉన్నప్పుడు గాజుముక్క కొనివ్వని మేనత్త కూడా ఏదో పెద్ద మాటే ఇచ్చింది. కాకులు అటు మొహం తిప్పుకున్నాయి.

దూరంగా నిలబడిన ఖాలాకు ఓపిక పోయింది. పిల్లల కోసం ఏడ్చి ఏడ్చి ఉన్న మనిషి. "గా పోరి పానమంత వాళ్లమ్మ మీదనే. జర గది చెప్పున్రి" అంది.

అందరూ బాపు వైపు చూశారు. బాపు నాయనమ్మ వైపు చూడలేదు. ముందుకు వచ్చి ఆకు పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. "మీ అవ్వను నేనే పోయి తోలుకొస్త. తిను బిడ్డా" అన్నాడు. తుమ్మచెట్టు మీదినుంచి ఒక కాకి దిగి వచ్చి సర్వపిండి ముక్క నోట కరుచుకుంది. ఊరంతా బోరున ఏడ్చింది. నస్పూర్ దిక్కు పోయే బండివాడితో అవ్వకు కబురు పంపి, అందరూ స్నానానికి నీళ్లలో దిగారు. తల మీద నీళ్లు పోసుకుంటుండగా గుట్ట మీదినుంచి కేకలు వినిపించాయి.

ఒక బొగ్గుబాయి మనిషి నన్ను భుజం మీద వేసుకుని కిందికి దిగాడు. వెలుతురుకు నా కళ్లు తెరుచుకోలేదు. తెరిచేసరికి తడిబట్టలతో జనం. అందరూ నా మీద పడి ముద్దులు పెడతారనుకున్నాను. కొందరు నా వైపు పరుగెత్తుకొచ్చారు, కొందరు వెనక్కి పరుగెత్తారు. ఒక ముసలాయన దగ్గరికొచ్చి నా మొహం చూడలేదు, కింద నా పాదాలు చూశాడు. "ముందటికే ఉన్నయి" అని జనానికి చెప్పాడు. దయ్యాలకు పాదాలు వెనక్కి ఉంటాయంటారు కదా.

ఖాలా తన పిల్లలిద్దరికీ చెరో రెండు తగిలించి, ఆ చేత్తోనే దగ్గరికి లాక్కుని ఇంటికి తీసుకుపోయింది. సాయంత్రానికల్లా నా నేస్తం బిందెతో నీళ్లు మోస్తూ కనపడింది. దాన్నెవరూ ఏమీ అడగలేదు. అది ఎవరి లెక్కలోనూ చావలేదు.

నా దగ్గరికి నాయనమ్మ పరుగెత్తుకొచ్చి చేయంత దూరంలో ఆగిపోయింది. ఎత్తిన చేతులు అట్లాగే ఉన్నాయి. "నువ్వేనా?" అంది.

"నేనే నాయినమ్మా. ఆకలైతుంది" అన్నాను.

నాయనమ్మ మొహం చెదిరిపోయింది. "ఇప్పుడే తిన్నవు గదనే" అంది.

నాకు మొదట కాకి మీదే కోపం వచ్చింది. నా సర్వపిండి అది తినడమేమిటి. తర్వాత నాయనమ్మ మీద కోపం వచ్చింది. ఆ తర్వాత ఏడుపు వచ్చింది. ఇంటికి పోదామంటే తీసుకుపోరు. పిట్ట ముట్టిన మనిషిని ఇంట్లోకి ఎట్లా రానివ్వాలో ఎవరికీ తెలియదు. ఊళ్లో అంతకుముందు ఎవరూ అట్లా తిరిగి రాలేదు. నన్ను చావడిలో మంచం మీద కూర్చోబెట్టి, ఖాలా తెచ్చిన జొన్నరొట్టె పెట్టారు. బాపు చావడి అరుగు చివర తల మీద తువ్వాల వేసుకుని కూర్చున్నాడు. నన్ను చూసి కళ్లు తుడుచుకుంటాడు, మళ్లీ కిందికి చూస్తాడు. అక్కడ పోగులు కూడా లేవు.

మర్నాడు పెత్రమాస. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఆడాలి. సంతోషంగా ఆడాలా, ఊళ్లో చావు జరిగిందని మానాలా అని ఆడవాళ్లు తేల్చుకోలేక, పూలు తెచ్చి పేర్చి, పాట ఎత్తకుండా చుట్టూ తిరిగి ఏట్లో వదిలేసి వచ్చారు.

ఆ తర్వాత జనం రావడం మొదలైంది. మా ఊరివాళ్లు, పక్క ఊళ్లవాళ్లు, హుస్నాబాద్ నుంచి కూడా బస్సు దిగి దారి అడుగుతూ వచ్చినవాళ్లు. వాళ్లు నా గురించి విన్నది ఒకటి కాదు. ఎలుగుబంటి పాలిచ్చి సాకిందని కొందరు, చచ్చి స్వామి దగ్గరికి పోయి తిరిగొచ్చానని కొందరు, అసలు చచ్చిన పిల్ల వేరే, నేను గుట్టమీది అమ్మవారినని కొందరు. కొబ్బరికాయలు కొట్టారు. పాదాలకు పసుపు రాశారు. గుహ దగ్గర మట్టి మూటలు కట్టుకుపోయారు. గుట్ట కింద బజ్జీల పొయ్యి ఒకటి, పేలాల గంప ఒకటి వెలిశాయి. ఒకాయన తన బర్రె తప్పిపోయింది, ఎటు పోయిందో చెప్పు తల్లీ అని మంచం కోడు వదల్లేదు. ఆయన పక్కకు పోతే చాలని "ఏటి దిక్కు" అన్నాను. బర్రె ఏటి దగ్గరే దొరికింది. మా ఊళ్లో తప్పిపోయిన బర్రెలన్నీ ఏట్లోనే ఉంటాయి. అయినా మర్నాటికి జనం రెండింతలయ్యారు.

ఒకావిడ నా కాళ్లకు మొక్కి, లేస్తూనే తన చంటిబిడ్డ కళ్లు నామీద పడకుండా కొంగు కప్పింది. నేను దేవతనైతే బిడ్డ కళ్లెందుకు మూసింది? దయ్యాన్నైతే నా కాళ్లెందుకు పట్టుకుంది? మొక్కుబడి అరటిపండ్లు తినడానికి వచ్చిన నా నేస్తాన్ని మెల్లగా అడిగాను, "నేను ఎట్ల కనవడుతున్ననే?"

అది నన్ను పైనుంచి కిందికి చూసి, "గట్లనే ఉన్నవ్. తలకాయ దువ్వుకోలే" అంది. ఆ నాలుగు రోజుల్లో నాకు అర్థమైన మాట అదొక్కటే.

చివరికి పెద్దమనుషులు ధర్మపురి పోయి అక్కడి అయ్యగారిని అడిగొచ్చారు. ఆయన ఉపాయం చెప్పాడట. పిల్లకు ఏటి స్నానం చేయించి, పసిగుడ్డును పడుకోబెట్టినట్లు చాటలో కూర్చోబెట్టి, పురుడు చేసి, కొత్త పేరు పెట్టండి. మళ్లీ పుట్టినట్లే. అప్పుడు ఇంట్లోకి తీసుకుపోవచ్చు. నాయనమ్మ పరుగున పోయి కొత్త చాట తెచ్చింది.

నేను ఒకటే అడిగాను. "మరి అవ్వను ఎప్పుడు తోలుకొస్తరు? బాపు మాటిచ్చిండట గద."

నాయనమ్మ చాటకు పసుపు రాస్తూ చెప్పింది. "గా మాట పోయిన పిల్లకిచ్చింది బిడ్డా. నువ్వు మళ్ల పుడుతున్నవు. పుట్టిన పిల్లకు ఎవరు ఏ మాటియ్యలే."

ఆమె మోసం చేస్తోందని ఇప్పటికీ అనుకోను. మాటలను ఆమె అట్లాగే చూసేది. కానీ చిన్నదాన్నయినా నాకు ఒకటి తెలిసింది. చాటలో కూర్చుంటే ఇల్లు దొరుకుతుంది, అవ్వ రాదు. కూర్చోకపోతే బాపు మాట మాటలాగే ఉంటుంది, నేను ఈ చావడిలో చచ్చినదాన్నయి ఉంటాను. నేను మంచం పట్టెలను రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. "అవ్వ వస్తెనే చాటల కూసుంట" అన్నాను.

వరసలో ఉన్న జనం విన్నారు. అమ్మవారు పలికిందని కొందరు చెంపలేసుకున్నారు. పోరి మొండికేసిందని కొందరు నవ్వారు. పిట్టకిచ్చిన మాట తప్పితే ఊరికి మంచిది కాదని ఒకరు, పిట్ట ముట్టినా పిల్ల బతికే ఉంది కాబట్టి ఆ పిట్టదే తప్పని ఇంకొకరు. కాకి ఆకలైతే తిన్నది, దానికి మన ముచ్చట్లేం తెలుసని బడి పంతులు అంటే, మరి అంతసేపూ ఎందుకు తినలేదని అందరూ ఆయన మీద పడ్డారు.

ఊళ్లో సగం మందిని చేతుల్లో పట్టిన మంత్రసాని అంతవరకు ఒక మూల ఆకు నములుతూ కూర్చుంది. ఆమె లేచి ఆకు ఉమ్మేసి వచ్చింది. "గిన్ని కాన్పులు చేసిన. తల్లి లేకుంట పుట్టిన పిల్లను నేనైతే చూడలే. గీ పురుడు నాతోని కాదు" అని చెప్పి మళ్లీ పోయి కూర్చుంది.

నాయనమ్మ చాట పక్కన పెట్టింది. బాపు లేచి తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు, చెప్పులు తొడుక్కున్నాడు. ఏడాది తర్వాత ఆ చెప్పులు ఆయన కాళ్లకు కనపడ్డాయి.

ఆ సమయానికే వరస చివర ఒక ఆడమనిషి వచ్చి నిలబడింది. జుట్టు విరబోసుకుని ఉంది, బాగా చిక్కిపోయింది. నేను చూశాను గానీ పోల్చుకోలేదు. అవ్వ. పిల్ల పోయిందన్న కబురు బండి మీద చేరేసరికి ఆలస్యమైంది. నేను దొరికానన్న కబురు పంపాలని ఈ గొడవలో ఎవరికీ తోచలేదు. విన్నదే తడవు బయలుదేరి వచ్చింది. పడవలో జనం చెప్పారట, పోయిన పిల్లల్లో ఒకతె దేవతై తిరిగొచ్చిందని. సాయిబు బిడ్డ బతికిందనుకుంది. ఊళ్లోకి వచ్చి చావడి దగ్గర ఎవరినో అడగబోతే, "కొబ్బరికాయ తెచ్చుకున్నవా? వరుసల నిలవడు" అని నిలబెట్టారు. నిలబడింది. ఏడాదిగా నేను ఎవరికోసం ఎదురుచూశానో ఆమె నన్ను చూడటానికి వరసలో నిలబడింది.

ఆమె వంతు వచ్చింది. తలెత్తకుండా మంచం పట్టెకు నొసలు ఆనించింది. "నువ్వు దానితోనే ఉంటివట తల్లీ. నా బిడ్డ ఆఖరుకు అవ్వా అన్నదా? ఏమన్న అన్నదా?" అని అడిగింది.

గొంతు పోల్చుకున్నాను. నోటికి వచ్చిన మాట, "సీతపండ్లకు పోయిన అవ్వా."

అవ్వ తలెత్తింది. నన్ను చూసింది. చెంప పగలగొట్టింది. తర్వాత మంచం మీదికి వచ్చిపడి నన్ను ఒడిలోకి లాక్కుని ఊపిరాడకుండా పట్టుకుంది. దేవతను కొట్టిందని జనం కలవరపడ్డారు. "కొట్టింది తల్లే. ఫికర్ చెయ్యకున్రి" అని మంత్రసాని వాళ్లను జరిపింది.

బాపు చెప్పులతో ఎదురుగా నిలబడ్డాడు. "గిప్పుడే నీ దగ్గరికే బయలెల్లిన" అన్నాడు.

"బయలెల్లినవు. రాలే గద" అంది అవ్వ.

నాయనమ్మకు పెద్ద బరువు దిగినట్లయింది. "వచ్చింది గద, ఇగ ఏంది. లెవ్వున్రి, పురుడు చేద్దాం" అంది. తనంతట తానే వచ్చిందన్న తృప్తి ఆ గొంతులో దాగలేదు. అవ్వ ఒళ్లు బిగుసుకోవడం ఒడిలో ఉన్న నాకు తెలిసింది.

"నేను కాపురానికి రాలే అత్తా. పిల్ల పోయిందంటే ఏడ్వను వచ్చిన. ఏడ్వను వచ్చినోళ్లు పోయొస్తనని చెప్పరు. చెప్పకుంటనే పోత" అని, నన్ను ఒడిలోంచి దింపి లేచి నిలబడింది.

గుహలో కూడా నాకు అంత దిక్కుతోచలేదు. ఇప్పుడే కదా కొట్టింది, ఇప్పుడే కదా ముద్దుపెట్టుకుంది. బతికున్న పిల్లను వదిలి పోతానంటుందేమిటి? జనం కూడా పరేషాన్‌లో పడ్డారు. ఆమె ఉండిపోతే ఆమె మాట పోతుంది. ఉండిపోతే బాపు పిట్టకిచ్చిన మాట కూడా నెరవేరినట్లు కాదు, తోలుకొస్తానన్నాడు కానీ తోలుకురాలేదు. పోతే పురుడు ఆగుతుంది. వెనక ఎవరో సగం నవ్వుతూ అన్నారు, ఏటి దాకా పోయి అక్కడినుంచి తోలుకొస్తే సరిపోతుంది కదా అని. నవ్వులాటకు అన్న ఆ మాటే అందరికీ న్యాయంగా తోచింది.

ఊరంతా ఏటి ఒడ్డుకు కదిలింది. ముందు అవ్వ, వెనక బాపు, ఆ వెనక ఖాలా చేయి పట్టుకుని నేను, మా వెనక కొబ్బరికాయలతో జనం. అవ్వ పోయి పడవలో కూర్చుంది. బాపు ఒడ్డు మీద నిలబడి, అనాల్సిన మాట లోపల్లోపల అనుకుంటున్నాడేమో, ఇసుకలోకి చూస్తున్నాడు. పడవవాడికి ఈ సంగతేదీ ఎవరూ చెప్పలేదు. మనుషులు నిండారు, వాడు గడ వేసి నెట్టాడు. పడవ కదిలింది.

అవ్వకూ ఒడ్డుకూ మధ్య నీళ్లు వెడల్పవుతున్నాయి. అవ్వ పడవ ఆపమని అనలేదు. వెనక్కి తిరిగి చూడలేదు. ఆమె వీపు, విరబోసిన జుట్టు, నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్లున్నాయి. నేను అరిచాను. గుహలో పోయిన గొంతు మాటకు వచ్చింది గానీ అరుపుకు ఇంకా రాలేదు, గాలి మాత్రమే వచ్చింది.

అప్పుడు బాపు నీళ్లలో దిగాడు. ఈత రాని మనిషి. మోకాళ్లు, నడుము, ఛాతీ. ధోతి నీళ్ల మీద తేలింది. "పడవ ఆపు. గామె మా ఇంటామె. తోలుకపోను వచ్చిన" అని అరిచాడు. బాపుకు అంత గొంతు ఉందని ఆయన తల్లికి కూడా తెలియదు. ఒడ్డు మీద ఆడవాళ్లు నవ్వుతూ కళ్లు తుడుచుకున్నారు. పడవవాడు గొణుక్కుంటూ వెనక్కి తిప్పాడు. అవ్వ దిగి, తడిసిన బాపు వెంట ఇంటికి వచ్చింది. కడప దగ్గర నాయనమ్మ ఎర్రనీళ్లతో దిష్టి తీసి పక్కకు తొలగింది.

చాట నాకు సరిపోలేదు. కూర్చోగానే వెదురు పటపటమంది. అవ్వ రెండు వైపులా పట్టుకుంది. ఏదో కొత్త పేరు పెట్టారు, ఆ పేరుతో నన్నెవరూ పిలవలేదు. మర్నాడు జనం రాలేదు. పసిపిల్ల దేవత కాదు కదా. బజ్జీల పొయ్యి కూడా లేచిపోయింది. బర్రె దొరికినాయన ఎదురుపడి, మగ్గం ఇంటి పిల్లను పలకరించినట్లు "ఏందే, తిన్నవా" అని పోయాడు. నాకు కొంచెం చిన్నతనంగా అనిపించిన మాట నిజం.

అవ్వ మళ్లీ నస్పూర్‌లో ఉండిపోలేదు. పోయినా బాపు వెంట పోయి, బాపు వెంటే వచ్చేది. పడవలో ఆమె వెనక్కి ఎందుకు చూడలేదో, నిజంగానే పోతున్నదా, బాపు దిగుతాడని తెలుసా అని ఎన్నోసార్లు అడిగాను. "నీళ్ల దిక్కు చూస్తున్న" అనేది.

ఏటా పెత్రమాసకు పెద్దలకు పెట్టేటప్పుడు అవ్వ పక్కన ఇంకొక చిన్న ఆకు వేసేది. అందులో ఒక సర్వపిండి. నేను కాస్త పెద్దయ్యాక అడిగాను, ఆ ఆకు ఎవరికని.

"గా పిల్లకు" అంది.

"ఏ పిల్లకు? గా పిల్ల నేనే గదా అవ్వా."

"నువ్వు కాదు." అవ్వ నా వైపు చూడకుండా ఆకు సర్దింది. "ఏడాది దాక నువ్వు బతికుండి పిలిచినవు. నేను రాలే. మీ బాపు రాలే. గా పిల్ల పోయిందంటెనే నేను ఏరు దాటిన, ఆయన నీళ్లల్ల దిగిండు. దానికి బుక్కెడు పెట్టకుంటే పాపం గాదా?"

నాకు చాలా కోపం వచ్చింది. ఆ పిల్ల మీద ఈర్ష్య పడ్డాను కూడా. చీకట్లో గోడ నాకింది నేను, అవ్వను తెచ్చింది అదా? కోపంతో ఆ రోజు అన్నం తినలేదు. అవ్వ బతిమాలనూ లేదు.

ఇప్పుడు అవ్వ లేదు, బాపు లేడు, నాయనమ్మ ఎప్పుడో పోయింది. పెత్రమాసకు వాళ్లందరికీ నేనే పెడతాను. ఆ చిన్న ఆకు కూడా నేనే వేస్తాను. మా కోడలు ఎవరికని అడిగితే గా పిల్లకు అని చెబుతాను, అంతకంటే చెప్పడం నాకు రాదు. ఎందుకో కాకి ముందు ఆ ఆకు మీదే వాలుతుంది. అది సర్వపిండి ముక్క కరుచుకుని లేచిపోయాక కోడలు నన్ను అన్నానికి పిలుస్తుంది. నాకు మాత్రం ఆకలి ఉండదు, ఇప్పుడే తిన్నట్లు ఉంటుంది.